పేరు కేసులో ఉందా? సెలక్షన్స్‌కి ముందు ఈ పనులు చేయండి

ఇంటర్ యూనివర్సిటీ ఆటల పోటీలకి టీమ్ సెలక్షన్స్ దగ్గరపడ్డాక ఏ హాస్టల్ గొడవలోనో పేరు ఇరుక్కుందంటే మన శ్రీకాకుళం గుంటలు మొదట చేసేది స్టేషన్ చుట్టూ తిరగడం, తెలిసిన లీడర్‌ని పట్టుకోవడం, ఈలోపు జవాబు చెప్పమని కాలేజీ ఇచ్చిన మెమో బ్యాగులో అలాగే ఉండిపోద్ది. అలా చేయకండి తమ్ముళ్లూ. కోర్టు తేల్చేదాకా ఎవరూ నేరస్తులు కాదు, కరెక్టే, కానీ టీమ్‌లో ఉంచాలా వద్దా అన్నది కాలేజీ తన రూల్స్ ప్రకారం ముందే తేల్చేయొచ్చు.

ర్యాగింగ్ అయితే మరీను. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2009 రెగ్యులేషన్స్‌లో సస్పెన్షన్‌తో పాటు, కాలేజీ తరఫున టోర్నమెంట్లు ఆడకుండా డిబార్ చేయడం కూడా ఒక శిక్షగా రాసుంది. జూనియర్‌తో బట్టలు ఉతికించడం మామూలే కదా అనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఆ జూనియర్ కూడా ఎవరో కష్టపడి చదివిస్తున్న పిల్లాడే.

మెమో అందిన రోజే ఫిర్యాదు కాపీ ఇవ్వమని ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టండి, మీ కాపీ మీద ముట్టినట్టు స్టాంపు వేయించుకోండి. తర్వాత గడువులోపే జవాబు రాసివ్వాలి, నోటిమాట పనికిరాదు. గొడవ జరిగిన టైంకి మీరు కోడి రామ్మూర్తి స్టేడియంలో ప్రాక్టీస్‌లో ఉంటే కోచ్ చేత రాయించుకుని జత చేయండి. తప్పు చేసుంటే అబద్ధం మాత్రం రాయొద్దు. ఫిర్యాదు చేసినవాళ్లకి ఫోన్ చేసి వాపసు తీసుకోమని అస్సలు అడగొద్దు, అది బెదిరింపు కింద ఇంకో కేసు అవ్వొచ్చు, వచ్చిన బెయిల్ కూడా పోవచ్చు.

ఏడేళ్ల లోపు శిక్ష ఉండే కేసుల్లో చాలావాటికి పోలీసులు అరెస్టు చేయకుండా బీఎన్ఎస్ఎస్ (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) సెక్షన్ 35(3) కింద హాజరవ్వమని నోటీసు ఇస్తారు, మ్యాచ్ ఉందని ఎగ్గొడితే అరెస్టు చేయొచ్చు, అందుకే డేట్ కుదరకపోతే ముందే రాసిచ్చి వేరే డేట్ అడగండి. లాయర్‌కి డబ్బుల్లేవా, జిల్లా కోర్టులో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఎస్సీ ఎస్టీలకి, ఆడపిల్లలకి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఫ్రీగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు.

డిబార్ చేశారని ఇంట్లో కూర్చోకండి. ఇంటర్ యూనివర్సిటీకి 25 ఏళ్ల లిమిట్ ఉంది కాబట్టి ఒక సీజన్ పోయిందంటే మళ్లీ రాదు. యాంటీ ర్యాగింగ్ కమిటీ వేసిన శిక్ష మీద అఫిలియేటెడ్ కాలేజీ వాళ్లు వైస్ ఛాన్సలర్‌కి అప్పీలు చేసుకోవచ్చు. అంబేద్కర్ యూనివర్సిటీ కింద చదివేవాళ్లయితే ఆర్డరు, మీ జవాబు, స్టాంపు పడిన లెటర్ అన్నీ జెరాక్స్ తీయించి ఎచ్చెర్లలో యూనివర్సిటీకి వెళ్లి ఇచ్చి, అక్కడా ముట్టినట్టు రాయించుకోండి.