ఎలక్ట్రిక్ గిటార్ కొనేముందు పికప్ సంగతి తేల్చుకోండి

అన్నా, ఏ గిటార్ కొనమంటావ్ అని అడిగేవాళ్లు రంగు చెప్తారు, బడ్జెట్ చెప్తారు, ఏం వాయించాలనుకుంటున్నారో మాత్రం చెప్పరు. ముందు అది తేలాలి, ఎందుకంటే దాన్ని బట్టే పికప్ ఎంచుకోవాలి. పికప్ అంటే తీగల కింద ఉండి, వాటి కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చి ఆంప్‌కి (శబ్దం పెంచి వినిపించే స్పీకర్ పెట్టెకి) పంపే భాగం. మీరు రోజూ వినే ఐదారు పాటలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వినండి. తీగ తీగా విడివిడిగా, గాజులు గలగలలాడినట్టు తేటగా వినిపిస్తే మీకు కావాల్సింది సింగిల్ కాయిల్ పికప్. దట్టంగా, బొంగురుగా, నోటు సాగుతూ పోతుంటే హంబకర్ అనే రకం పికప్.

సింగిల్ కాయిల్ అంటే అయస్కాంతాల చుట్టూ వెంట్రుకలాంటి రాగి వైరు వేల చుట్లు చుట్టి ఉంటుంది, అంతే. ఫెండర్ కంపెనీ టెలికాస్టర్ గిటార్‌లో మామూలుగా రెండుంటాయి, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్‌లో మూడు. చిక్కేంటంటే అది తీగ శబ్దంతో పాటు ఇంట్లో కరెంటు మోతను కూడా పట్టేస్తుంది. నేను తిరుపతి భవానీ నగర్‌లో అద్దె గదిలో ఉన్నప్పుడు చెన్నై నుంచి స్ట్రాట్ తరహా గిటార్ ఒకటి తెచ్చుకుని, రాత్రి ఆంప్‌లో గెయిన్ (సిగ్నల్‌ని పెంచి గరగర తెప్పించే నాబ్) పెంచానో లేదో, తుమ్మెదల గుంపు దూరినట్టు ఝుమ్మని ఒకటే మోత. గిటార్ పాడైందనుకుని మళ్లీ సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై షాపుకి మోసుకెళ్తే అక్కడ చక్కగా పలికింది, నా పరువు పోయింది. ఇంటికొచ్చాక చూస్తే తప్పు పాత ఫ్యాన్ రెగ్యులేటర్‌ది, ట్యూబ్‌లైట్ చోక్‌ది. కుర్చీ కొంచెం గోడవైపు తిప్పి కూర్చుంటే సగం మోత తగ్గింది. ఫ్యాన్ ఆపితే ఇంకా తగ్గేది, కానీ తిరుపతిలో మే నెలలో ఫ్యాన్ ఆపి గిటార్ వాయించడం కొండకి మోకాళ్ల మీద ఎక్కడం లాంటిది. ఇంకో మాట, తీగలు ముట్టుకుంటే చేతికి చురుక్కుమంటే అది పికప్ గొడవ కాదు, ప్లగ్ పీకేసి ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి.

ఈ మోతకి మందుగానే గిబ్సన్ గిటార్ కంపెనీలో సెత్ లవర్ అనే ఇంజనీరు 1955లో హంబకర్ తయారుచేశాడు. రెండు కాయిల్స్ ఎదురెదురుగా పనిచేసి మోతను కొట్టేసుకుంటాయి, తీగ శబ్దం మాత్రం కలిసి బలపడుతుంది. 1957 నుంచి గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ గిటార్లలో పెట్టారు. లెస్ పాల్ బరువే, భుజం నొప్పి ఉన్నవాళ్లు నిలబడి పది నిమిషాలు వాయించి చూడండి. దాని స్కేల్ (తీగ మోగే పొడవు) 24.75 అంగుళాలు, ఫెండర్‌ది 25.5, కాబట్టి ఒకే సైజు తీగలేస్తే లెస్ పాల్ మీద కొంచెం మెత్తగా వంగుతాయి. వీణ నేర్చుకుని గమకాలు గిటార్ మీద లాగాలనుకునేవాళ్లకి ఈ తేడా వేళ్లకే తెలుస్తుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే భాగం) దగ్గర హంబకర్, మిగతా రెండు పికప్‌లూ సింగిల్ కాయిల్ ఉన్నది కొనండి, యమహా పసిఫికా 112 అలాంటిదే. మొదటి గిటార్‌కి ఫ్లాయిడ్ రోజ్ బ్రిడ్జ్ (తీగల్ని బిగించి లాక్ చేసే, కడ్డీతో ఊపే రకం) మాత్రం వద్దు, ట్యూనింగ్ మార్చాలంటే పూట గడిచిపోతుంది. చెక్క గురించి వాదనలు మీ ఫ్రెండ్స్‌కి వదిలేయండి, ఆ డబ్బు ఆంప్ మీద పెట్టండి.

షాపులో గెయిన్ తగ్గించి, ఒకే చిన్న ముక్కను పికప్‌లు మార్చే స్విచ్ అన్ని స్థానాల్లోనూ వాయించండి. గెయిన్ పెంచితే ఏ గిటారైనా గొప్పగానే ఉంటుంది.

కొన్నాక సౌండ్ నచ్చలేదని వెంటనే పికప్ మార్చకండి. నేను ఓసారి బాగా హాట్‌గా ఉన్న, అంటే సిగ్నల్ గట్టిగా ఇచ్చే హంబకర్ వేయించుకుని, గరగర లేని క్లీన్ సౌండ్‌ని బురద చేసుకున్నా. ముందు పికప్ ఎత్తు సరిచూడండి. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దగ్గర తీగ నొక్కిపట్టి, తీగకీ పికప్‌కీ మధ్య సుమారు 2 మిల్లీమీటర్లు ఉండేలా పక్క స్క్రూలు తిప్పండి. మరీ దగ్గరికి లేపితే అయస్కాంతం తీగను లాగేసి నోటు వణుకుతుంది. అయినా మార్చాల్సిందే అనుకుంటే, సింగిల్ కాయిల్‌కి 250 కిలో ఓమ్స్, హంబకర్‌కి 500 వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే భాగం) మామూలు, ఆ పాట్ కూడా అదే రోజు తెచ్చుకుంటే సోల్డరింగ్ ఒక్కసారితో అయిపోతుంది.