మా మావ, కోర్టువారి మామూ: సాక్షిగా సమన్లు వస్తే ఏం చేయాలి

సమన్లు పట్టుకుని కానిస్టేబుల్ మా కొట్టుకి వచ్చేసరికి నేను అరకిలో మేకులు తూస్తున్నాను. 2019 వేసవి. ఆంధ్రా సరిహద్దుకి ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో మాది ఇనుప సామాన్ల కొట్టు. కాగితం ఒడియాలో ఉంది, కింద గుండ్రటి ముద్ర. మేకుల కోసం వచ్చిన మేస్త్రీ తొంగిచూసి, "ఏటి బాబూ, ఎవలి మీద కేసు?" అన్నాడు. కేసు నా మీద కాదు. రెండేళ్ల కిందట నేను సంతకం పెట్టిన ఒక జప్తు కాగితం తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది.

ఆ తర్వాత బోనెక్కి నవ్వులపాలయ్యాను. ఆ ఉక్రోషమే నలభై ఒకటో ఏట నన్ను లా కాలేజీకి తోలింది. కాబట్టి ఇది ఒకసారి బోనులో నిలబడి, తర్వాత కోర్టు హాలులో వెనక బెంచీ మీద నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నవాడి మాట. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కోర్టు కాగితంలో ఇంగ్లిష్ చూసే మా సరిహద్దువాళ్లకి కాస్త ఎక్కువ పనికొస్తుంది.

మా అమ్మాయి ఇంగ్లిష్ సీరియళ్లు చూసి, "నాన్నా, మనల్ని జూరీకి పిలవరా?" అని అడిగేది. పిలవరు. మామూలు జనం కూర్చుని దోషా కాదా తేల్చే ఆ పద్ధతి ఇక్కడ పోయింది. 1959లో బొంబాయిలో నేవీ కమాండర్ నానావతి మీద పెట్టిన హత్య కేసులో జూరీ 8–1తో నిర్దోషి అంది. సెషన్స్ జడ్జి ఒప్పుకోక హైకోర్టుకి పంపారు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జూరీకి చోటే లేదు. పార్సీల విడాకుల కేసుల్లో మాత్రం డెలిగేట్ల పేరుతో దాని ఛాయ ఇంకా ఉంది. మనలాంటి వాళ్లకి క్రిమినల్ కోర్టులో పడే వంతు సాక్ష్యమే. అది కూడా ఎక్కువగా దారినపోతూ తగిలేదే.

నాకలాగే తగిలింది. 2017లో మా కొట్టు వెనక వీధిలో ఒకరింటి పెరట్లో దొంగసొత్తు దొరికింది: ఒక బోరు మోటారు, రెండు చుట్టల రాగితీగ. సోదాకి ఇద్దరు సాక్షులు కావాలి. ఆంధ్రాలో వీళ్లని మధ్యవర్తులంటారు, మా వైపు సీజర్ (జప్తు) సాక్షి అంటారు. కొట్లో నేనూ, బియ్యం బస్తా ఇద్దామని ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చిన మా మావగారూ ఉన్నాం. ఇద్దరం వెళ్లాం, చూశాం, జాబితా కింద సంతకాలు పెట్టాం. కొట్టుకి తాళం వెయ్యలేదన్న కంగారులో చదవకుండానే పెట్టాను.

అంచేత జాగ్రత్త సమన్లప్పుడు కాదు, సంతకం రోజే మొదలవ్వాలి. జాబితా మొత్తం చదవండి. ఒడియా చదవడం రాకపోతే చదివి వినిపించమని అడగండి. వస్తువులు ఎన్ని, ఎక్కడ దొరికాయి, ఎన్ని గంటలకి, ఈ మూడూ మీరు చూసినదానితో సరిపోవాలి. ఖాళీ గడుల మీద గీత కొట్టమనండి. ఒక తేడా గుర్తుంచుకోండి. జప్తు జాబితా మీద సాక్షి సంతకం ఉండాలి. దర్యాప్తులో పోలీసులు మిమ్మల్ని ప్రశ్నలడిగి రాసుకునే వాంగ్మూలం మీద మాత్రం మీ సంతకం తీసుకోకూడదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 162వ సెక్షన్, దాని చోట వచ్చిన ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 181. ఈ సంగతి నాకు క్లాసులో తెలిసింది, అప్పటికి ఊళ్లో ఎంతమంది దేనిమీద సంతకాలు పెట్టారో! 2024 జులై 1 నుంచి సోదా, జప్తు వీడియో కూడా తీయాలి, 105వ సెక్షన్. వీడియో ఉంది కదా అని కాగితం చదవడం మానకండి.

ఆ రాత్రే ఇంటికొచ్చి ఒక పాత డైరీలో నాలుగు ముక్కలు రాసి పెట్టుకోండి. ఎవరు పిలిచారు, పెరట్లో ఎటువైపు, వెలుతురు ఎలా ఉంది, పక్కన ఎవరు. కేసు పిలుపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. జరిగిన వెంటనే రాసుకున్న కాగితాన్ని కోర్టు అనుమతితో చూసి జ్ఞాపకం తెచ్చుకోవచ్చు. అయితే అవతలి వకీలు కూడా దాన్ని చూపించమంటాడు, కాబట్టి అందులో పొరుగువాళ్ల మీద మీ అభిప్రాయాలు రాయకండి.

సమన్లు వచ్చాక మొదట చూడాల్సింది కోర్టు పేరు, కేసు నంబరు, తేదీ. ప్రతి కేసుకీ విడిగా ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు దొరికితే ఈ-కోర్ట్స్ యాప్‌లో వాయిదా తెలుస్తుంది. వాయిదా పడేలా ఉందని విన్నా వెళ్లండి. బెంచి క్లర్కు దగ్గర హాజరు చెప్పి, కొత్త తేదీ రాయించుకుని రండి. వెళ్లకపోతే తర్వాత వచ్చేది వారంటు. అసలే చుట్టాల ఊళ్లో వారంటన్న మాట వినబడితే మన సంగతి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ రోజుకి వేరే పని పెట్టుకోకండి, అన్నం డబ్బా తీసుకెళ్లండి. మీకంటే ముందు సాక్షి చెబుతుంటే మిమ్మల్ని బయట ఉంచుతారు, వరండాలో నిలబడి చెవి ఒగ్గకండి.

ఇప్పుడు నా ఘనకార్యం. బోనులో నిలబడగానే ఏ భాషలో చెబుతారని అడిగారు. ముప్పై ఏళ్లుగా బజార్లో ఒడియాలో బేరాలాడుతున్నవాణ్ని, తెలుగు అనడానికి నామోషీ వేసింది. "ఒడియా" అన్నాను. సర్కారీ వకీలు జాబితా చూపించి, రెండో సంతకం ఎవరిదని అడిగాడు. "మో మామూ" అన్నాను, ధీమాగా. ఒడియాలో మామూ అంటే అమ్మకి అన్నో తమ్ముడో అయినవాడే. పిల్లనిచ్చినవాడు శశుర. నాకా మాట తెలుసు, పెళ్లిళ్లలో వందసార్లు విన్నాను. ఆ క్షణాన నోటికి రాలేదు, తెలుగు మావని పట్టుకెళ్లి ఒడియా తొడుగు తొడిగేశాను. మనలో మేనరికం మామూలు కాబట్టి ఇద్దరికీ ఒకే పిలుపు సరిపోయింది, వాళ్లలో ఆ వరస లేదు కాబట్టి మాటలు వేరు. టైపు మీద ఇంగ్లిష్‌లో మెటర్నల్ అంకుల్ అని పడింది.

ముద్దాయి వకీలు పెద్దాయన, నెమ్మదిగా లేచాడు.

"మీ అమ్మగారికి అన్నదమ్ములు ఎంతమంది?"

"ఒక్కరే."

"ఇప్పుడెక్కడుంటారు?"

"2004లో పోయారండి."

ఆయన జాబితా నా ముందుకి జరిపాడు. "మరి 2017లో సంతకం పెట్టింది ఎవరు?"

హాలంతా నవ్వు. నాకు చెమటలు. సంతకందారు ఊరు పాతపట్నం అని, అది వేరే రాష్ట్రమని ఆయన మరో రెండు ప్రశ్నలు పీకాడు. సోదా సాక్షులు ఆ చుట్టుపక్కలవాళ్లయి ఉండాలి, అక్కడ తగినవాళ్లు దొరక్కపోతేనే వేరేచోటివాళ్లు. పాతపట్నం మాకు కూరగాయలు కొనుక్కునేంత దగ్గర, కాగితం మీద మాత్రం మరో ప్రభుత్వం. చివర్న టైపు చేసింది గబగబా చదివి వినిపించారు. అప్పుడైనా ఆపి దిద్దించుకోవాల్సింది. "ఠీక్ అచ్ఛి" అని సంతకం పెట్టి బయటపడ్డాను. ముద్దాయి విడుదలయ్యాడు. నా ఒక్కమాట వల్లే అనను, తీర్పులో నాకు దక్కింది రెండు వాక్యాలే. ఆ రెండూ మాత్రం మావగారి గురించే.

కాబట్టి ఏ భాషలో మీరు కలలు కంటారో ఆ భాషలోనే సాక్ష్యం చెప్పండి. తెలుగులో చెబుతానంటే కోర్టు కాదనదు. వీలైతే ఆ భాషలోనే రాసుకుంటారు, లేకపోతే తర్జుమా చేయిస్తారు. దుబాసీగా నిలబడేవాడు కూడా 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం మీలాగే ప్రమాణం చేస్తాడు. గిడుగు రామమూర్తి పంతులు గారు మా ఊళ్లోనే పాఠాలు చెబుతూ, జనం మాట్లాడే తెలుగే రాతకూ పనికొస్తుందని పోట్లాడారు. ఆ ఊరివాణ్ని నేను నామోషీ పడ్డాను చూడండి! చుట్టరికం చెప్పేటప్పుడు ఒక్క మాటతో సరిపెట్టకండి. మా ఆవిడ నాన్నగారు, మా అమ్మ తమ్ముడు, ఇలా విప్పి, పేరుతో సహా చెప్పండి. బావ, వదిన, పిన్ని, అన్నిట్లోనూ గోతులున్నాయి.

సాక్ష్యం అయ్యాక చదివి వినిపించడం మర్యాద కోసం కాదు, ఆ సురక్షా సంహిత 313వ సెక్షన్ కింద మీ హక్కు. రాసింది మీకు రాని భాషలో ఉంటే మీకు తెలిసిన భాషలో చెప్పించుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి. జడ్జిగారు దిద్దుతారు, లేదా మీ అభ్యంతరాన్ని కింద నమోదు చేస్తారు. వెనక గుమాస్తా వాచీ చూసుకుంటాడు. చూసుకోనివ్వండి.

అవతలి వకీలు అడిగే క్రాస్ ప్రశ్నల గురించి చదువుకున్నాకే నాకు అర్థమైంది. "తెలియదు", "గుర్తులేదు", "జరగలేదు" ఒకటి కాదు. మోటారు రంగు చూశారు, మరచిపోయారు, అది గుర్తులేకపోవడం. అసలు చూడనే లేదు, అది తెలియకపోవడం. "ముద్దాయిని కొట్టి ఒప్పించారు కదా" అని అడిగితే, మీరుండగా అలాంటిది లేకపోతే "నా ఎదుట జరగలేదు" అనాలి. టెన్షన్‌లో మూడింటికీ "తెలియదండీ" అంటే సాక్ష్యం నీళ్లైపోతుంది. చివర్లో వకీలు వరసగా "మీరు అక్కడికి వెళ్లనేలేదు, పోలీసులు చెప్పినట్టు చెబుతున్నారు" అంటూ పోతాడు. కోపం తెచ్చుకోకండి. అతను తన వాదన మీ ముందు పెట్టితీరాలి, అది అతని పని. "నిజం కాదు" అంటే చాలు. మా వైపు డిపాజిషన్లన్నీ, అంటే కోర్టు రాసుకున్న సాక్ష్యాలన్నీ, "ఇట్ ఈజ్ నాట్ ఎ ఫ్యాక్ట్ దట్" వరసలతోనే ముగుస్తాయి.

వచ్చేముందు బత్తా అడగండి. సాక్షికి న్యాయమైన ఖర్చులు ప్రభుత్వం చేత ఇప్పించవచ్చని అదే సంహితలో 350వ సెక్షన్. ఎంతన్నది రాష్ట్ర నిబంధనల్ని బట్టి. ఉద్యోగస్తులైతే హాజరు సర్టిఫికెట్ కూడా.

ఇక లా చదువు. మా వైపు పుట్టిన వి.వి. గిరి గారు లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లారు. నేను బరంపురం బస్సెక్కాను. 2021లో మూడేళ్ల కోర్సు. డిగ్రీలో జనరల్‌వాళ్లకి 45 శాతం కావాలి, నా బీకాం 47తో గట్టెక్కింది. హాజరు 70 శాతం అంటే కొట్టూ చదువూ రెండూ ఊళ్లోంచి కుదరవు, సోమవారం వెళ్లి గురువారం రాత్రికి వచ్చేవాణ్ని. పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్. పిల్లలు "అంకుల్, మీ నోట్స్ ఇవ్వరా" అనేవారు, తరగతికి రోజూ వచ్చేవాణ్ని నేనొక్కణ్నే మరి. చిత్రం, మేం క్రిమినల్ చట్టాలు బట్టీపట్టి 2024లో చివరి పరీక్ష రాశాం, ఫలితాలు వచ్చేలోపు ఆ చట్టాలే మారిపోయాయి. నంబర్లన్నీ మళ్లీ నేర్చుకోవాలి. వకీలుగా పేరు నమోదయ్యాక స్వయంగా వ్యాపారం చేయకూడదు, అందుకని కొట్టు మా ఆవిడ పేరుకి మార్చాం. లెక్కలు అప్పట్నుంచే సరిగ్గా ఉన్నాయి.

మొత్తం కోర్సులో నాకు నచ్చిన పేపరు ఒక్కటే. ఒక సివిలు, ఒక క్రిమినలు విచారణ కూర్చుని చూసి డైరీ రాయాలి, 30 మార్కులు. లా చదివే ఉద్దేశం లేకపోయినా, సమన్లు వచ్చినవాళ్లు తమ తేదీకి ముందు ఈ పని చేయమంటాను. కోర్టు హాలు మామూలుగా అందరికీ తెరిచే ఉంటుంది. ఒక పూట వెనక బెంచీలో కూర్చుంటే సగం భయం పోతుంది. నేను చూసిన క్రిమినల్ కేసులో గుణుపురం వైపు నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. ప్రశ్న అర్థం కాని ప్రతిసారీ, "ఇంకోపాలి అడుగు బాబూ" అంది. ఆరుసార్లు అంది. వకీలు ఆరుసార్లూ అడిగాడు. ఆవిడ సాక్ష్యంలో ఒక్క అక్షరం కదల్లేదు. నా డైరీలో ఆ పేజీకి మా సారు ఎర్రసిరాతో గీత గీశారు.

మొన్న మా సీనియర్ ఆఫీసుకి ఒక భూమి తగాదాలో సాక్షి వచ్చాడు. దస్తావేజు మీద రెండో సంతకం ఎవరిదని అడిగాను.

"మా మావదండి."

పెన్ను ఆపాను. "పిల్లనిచ్చిన మావా, మేనమావా?"

అతను నాకేసి జాలిగా చూశాడు. "రెండూనండి."