అండమాన్ పగడాల దగ్గర నీళ్లలోకి దిగేముందు

మైపాడులో మోకాళ్ల లోతు అలల్లో ఆడుకున్న ధైర్యంతో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) దిగొద్దు. అక్కడ చాలాచోట్ల కాళ్ల కింద ఉండేది ఇసుక కాదు, ప్రాణమున్న పగడాలు. నెల్లూరు నుంచి చెన్నై వెళ్లి విమానం ఎక్కేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి.

• నీళ్లలో చూడ్డానికి కళ్లకు, ముక్కుకు పెట్టుకునే మాస్కును పట్టీ లేకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చండి. చెయ్యి తీసినా అతుక్కుని ఉంటే అది మీకు సరిపోయినట్టే. మీసాలున్నవాళ్లకు నీళ్లు కారొచ్చు, ఇంకోటి అడిగి తీసుకోండి.

• ఈత వచ్చినా లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందే.

• అలసిపోతే పగడం మీద నిలబడకండి, వెల్లకిలా తేలండి. మా అబ్బాయి బ్యాలెన్స్ తప్పి కాలు ఆనించాడు. గోరంత గీతే, వారమైనా మానలేదు. అలాంటివి వెంటనే సబ్బు, మంచినీళ్లతో బాగా కడగాలి. పగడానికి తగిలిన దెబ్బ మానడానికైతే ఏళ్లు పడుతుంది, నాకు ఎక్కువ బాధ అదే.

• సన్‌స్క్రీన్‌లో ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉంటే పగడాలకు హాని. దానికన్నా ఫుల్ హ్యాండ్స్ టీషర్టు మేలు.

• మొసళ్ల హెచ్చరిక బోర్డు ఉన్నచోట అస్సలు దిగొద్దు. ఉప్పునీటి మొసళ్లు అక్కడ నిజంగానే ఉన్నాయి.

• స్కూబా (గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకు దిగే డైవింగ్) చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. టికెట్లు ముందే అలా చూసుకోండి.

• ఒడ్డున దొరికిన పగడం ముక్కైనా సరే బ్యాగులో పెట్టుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పిల్లల జేబులు కూడా చూడండి.