ఎక్స్‌మోడెమ్ డౌన్‌లోడ్ ఆగిపోతోందా? ముందు బ్లాక్ నంబరు చూడండి

బీబీఎస్ (మోడెమ్‌తో ఫోన్ చేసి చేరే బులెటిన్ బోర్డు) నుంచి ఫైల్ దిగకపోతే అందరూ ముందు ఫోన్ లైన్ మీద నెపం వేస్తారు. కట్ చేసి మళ్లీ డయల్ చేస్తారు, మళ్లీ అక్కడే ఆగుతుంది, మళ్లీ డయల్ చేస్తారు. ఎన్నో బ్లాక్ దగ్గర ఆగిందో స్క్రీన్ మీదే ఉంటుంది. దాన్ని మాత్రం ఎవరూ చూడరు. దయచేసి చూడండి. లైన్‌లో గరగర ఉంటే తప్పులు ఒకసారి ఒకచోట, ఇంకోసారి ఇంకోచోట వస్తాయి. అదే ఫైల్ ప్రతిసారీ ఒకే బ్లాక్ దగ్గర ఆగుతుంటే తప్పు లైన్‌ది కాదు, సెట్టింగులది.

వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాసిన ఫైల్ బదిలీ పద్ధతి ఎక్స్‌మోడెమ్. ఇది ఫైల్‌ను 128 బైట్ల ముక్కలుగా, అంటే బ్లాకులుగా, పంపుతుంది. ప్రతి ముక్కకు ముందు బ్లాక్ నంబరు, దాన్ని 255లోంచి తీసేస్తే మిగిలే అంకె వెళ్తాయి. చివర్లో చెక్‌సమ్, అంటే తప్పు పట్టుకోవడానికి బైట్లను కూడిన లెక్క. అందిందని అవతలి నుంచి జవాబు వస్తేనే తర్వాతి ముక్క కదులుతుంది.

మొదటి బ్లాకే రావడం లేదు

మీ ప్రోగ్రామ్ 7 బిట్లలో ఉంది. 1వ బ్లాక్‌తో పాటు వచ్చే 254కు 8 బిట్లు కావాలి. పై బిట్ పోతే అది 126 అయిపోతుంది, లెక్క తప్పుతుంది. ఒకప్పటి ఆన్‌లైన్ సేవ కంప్యూసర్వ్ కోసం పెట్టిన 7-ఈ-1ను (7 బిట్లు, ఈవెన్ పారిటీ, 1 స్టాప్ బిట్) మార్చకుండా బీబీఎస్‌కు డయల్ చేస్తే జరిగేది ఇదే. మెనూలో అక్షరాలు బాగానే కనిపిస్తాయి కాబట్టి అనుమానం రాదు. మెనూ చుట్టూ ఉండే గీతలు చూడండి. అడ్డగీత చోట వరసగా డీ అక్షరాలు, నిలువు గీత చోట 3 అంకెలు ఉంటే ఎనిమిదో బిట్ పోతోందన్నమాట. 8-ఎన్-1 (8 బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్) పెట్టండి.

కొన్ని బ్లాకులు వచ్చి, ఎప్పుడూ అక్కడే ఆగుతోంది

అసలు ఏడిపించేది ఇదే. జెడ్‌మోడెమ్ అనే ఇంకో బదిలీ పద్ధతిలో అన్నీ చక్కగా దిగుతుంటాయి. ఎక్స్‌మోడెమ్ ఒక్కటే ఉన్న పాత బోర్డుకు వెళ్లగానే ఏదీ దిగదు. సహజంగానే ఆ బోర్డే పాడైందనుకుంటాం.

కారణం ఎక్సాన్/ఎక్సాఫ్ ఫ్లో కంట్రోల్, అంటే డేటాను ఆపి మళ్లీ వదిలే ఏర్పాటు. ఇందులో 19 నంబరు బైట్ వస్తే 'ఆగు', 17 వస్తే 'కానివ్వు' అని అర్థం. టైప్ చేసిన మాటలకు ఇది సరిపోతుంది. ఫైల్‌లో మాత్రం 17, 19 కూడా మామూలు బైట్లే. బస్సులో ఎవరో ప్రయాణికుడు మాటల మధ్య 'హోల్డాన్' అంటే కండక్టరే అన్నాడనుకుని డ్రైవర్ బ్రేక్ వేసినట్టు అవుతుంది పరిస్థితి. చక్ ఫోర్స్‌బర్గ్ 1986లో తెచ్చిన జెడ్‌మోడెమ్ ఈ రెండు బైట్లనూ మారువేషంలో పంపుతుంది కాబట్టి తప్పు సెట్టింగ్ ఉన్నా దానికేమీ కాదు. ఎక్స్‌మోడెమ్ ఉన్నదున్నట్టు పంపుతుంది.

తేల్చుకోవడానికి 3 కేబీ దాటిన ఇంగ్లిష్ టెక్స్ట్ ఫైల్ ఒకటి దించండి. అలాంటి ఫైల్‌లో ఈ బైట్లు ఉండవు. 16 బ్లాకులు, అంటే 2,048 బైట్లు, సాధారణంగా సాఫీగా వస్తాయి. 17వ బ్లాక్ నంబరే 17 కదా, దాన్ని 'కానివ్వు' అనుకుని ఎక్సాన్/ఎక్సాఫ్ మధ్యలోనే మింగేస్తుంది. ఎన్నిసార్లు పంపినా అదే తప్పు. కొన్ని సెట్లలో 17 దాటి 19 దగ్గర పూర్తిగా నిశ్శబ్దం అయిపోతుంది, ఎందుకంటే 'ఆగు' అనుకున్న మీ వైపు జవాబు పంపడమే మానేస్తుంది. జిప్ ఫైల్‌లో ఈ బైట్లు ఎక్కడైనా ఉండొచ్చు, అందుకే అది మొదటి రెండు మూడు బ్లాకుల్లోనే చతికిలబడుతుంది.

ప్రోగ్రామ్‌లో ఎక్సాన్/ఎక్సాఫ్ తీసేసి ఆర్టీఎస్/సీటీఎస్ పెట్టండి, ఇందులో 'ఆగు', 'కానివ్వు' విడి తీగల మీద వెళ్తాయి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, సమస్య పోదు. మోడెమ్‌లోనూ మార్చాలి: హేస్ తరహా మోడెమ్‌లలో ఏటీ&కే3, యూఎస్ రోబోటిక్స్ అయితే ఏటీ&ఎఫ్1. తర్వాత &డబ్ల్యూతో సేవ్ చేయాలి. ఇంకొకటి, ప్రోగ్రామ్ మొదలవగానే మోడెమ్‌కు పంపే ఆదేశాల వరస, ఇనిట్ స్ట్రింగ్‌లో ఎక్సాన్/ఎక్సాఫ్‌ను మళ్లీ పెట్టే &కే4 ఉంటే మీరు సేవ్ చేసింది ప్రతిసారీ తుడిచిపెట్టుకుపోతుంది. అదీ చూడండి. మార్చాక అదే టెక్స్ట్ ఫైల్ మళ్లీ దించండి, 17, 19 రెండూ దాటాలి.

తప్పులు ఎక్కడపడితే అక్కడ వస్తున్నాయి

తప్పులు సరిచేసుకోలేని మామూలు మోడెమ్ అయితే కారణం లైనే. రెండు వైపులా వీ.42 అనే తప్పులు దిద్దే పద్ధతి కలిసి ఉంటే లైన్ తప్పులను మోడెమ్‌లే సరిచేసుకుంటాయి, కాబట్టి మోడెమ్‌కూ కంప్యూటర్‌కూ మధ్య చూడండి. కంప్యూటర్ సీరియల్ పోర్ట్‌లో ఉండే 8250, 16450 చిప్‌లు ఒక్క బైట్‌నే పట్టి ఉంచుతాయి. డిస్క్ మీద రాసేలోపు తర్వాతి బైట్ వచ్చి పడుతుంది. 16 బైట్లు పట్టే 16550ఏ వేయండి, లేదా పోర్ట్ వేగం తగ్గించండి.

కాల్ మధ్యలో తెగిపోతోంది

అమెరికా లైన్లలో కాల్ వెయిటింగ్ ఉంటే దాన్ని ఆపడానికి నంబరు ముందు *70, ఒక కామా పెట్టండి. పక్క గదిలో ఎవరైనా ఫోన్ ఎత్తుతున్నారేమో అడగండి.

ఫైల్ అసలు సైజు కన్నా కాస్త పెద్దగా వచ్చిందంటే భయం లేదు, చివరి ముక్కను 128 బైట్లకు నింపారంతే. కేబుల్‌లో ఆర్టీఎస్, సీటీఎస్ తీగలు లేకపోవడం అరుదు. అన్నీ సరిచేశాక కూడా ఒక్క బైట్ కదలకపోతేనే కేబుల్ మార్చండి.