హెచ్‌ఐవీ ఎలైసా నేర్చుకుందాం – 4వ పాఠం: వాష్, కటాఫ్, ప్లేటు చదవడం

ఎలైసా అంటే హెచ్‌ఐవీ యాంటీబాడీ ఉందో లేదో రంగు మార్పుతో చూపే పరీక్ష. గత పాఠంలో కంట్రోళ్లు (ఫలితం ముందే తెలిసిన నమూనాలు), శాంపిళ్లు వేసి ప్లేటును 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెట్టాం. ఇక్కడ ఇచ్చే కొలతలు చాలా కిట్లలో కనిపించేవే. మీ కిట్ ఇన్‌సర్ట్‌లో (కిట్‌తో వచ్చే సూచనల కాగితం) వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ముందు వాష్ బఫర్. 25 రెట్ల గాఢత సీసా అయితే 20 మి.లీ.కి 480 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా అడుగున స్ఫటికాలుంటే 37 డిగ్రీల దగ్గర ఉంచి, పూర్తిగా కరిగాకే కొలవాలి. లేదంటే ఉప్పు సీసాలోనే ఉండిపోయి బఫర్ పలచబడుతుంది. పాడవకుండా ఉంటుందని సోడియం అజైడ్ కలపొద్దు. కాంజుగేట్‌లో (యాంటీబాడీ ఉన్నచోట అతుక్కునే, ఎంజైమ్ తగిలించిన పదార్థం) ఉండే పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను అది పనిచేయనివ్వదు, పాజిటివ్ కంట్రోల్‌కు కూడా రంగు రాదు.

ఒక్కో వెల్‌లో (ప్లేటులోని చిన్న గుంట) 350 మైక్రోలీటర్లు నింపి, 30 సెకన్లు ఆగి, తీసేయాలి. ఇలా ఐదుసార్లు. చివర ప్లేటును బోర్లించి బ్లాటింగ్ పేపర్ మీద గట్టిగా తట్టాలి. అతుక్కోని కాంజుగేట్ కాస్త మిగిలినా చాలు, యాంటీబాడీ లేని వెల్ కూడా రంగు తేలుతుంది. తప్పుడు రియాక్టివ్‌లు (కటాఫ్ దాటిన ఫలితాలు) ఎక్కువయ్యాయంటే కిట్‌ను తిట్టుకునే ముందు వాషర్‌ను చూడండి. తట్టాక ప్లేటును ఆరనివ్వకుండా వెంటనే తర్వాతి ద్రావణం వేయాలి.

కాంజుగేట్ తర్వాత మళ్లీ వాష్, ఆపై 100 మైక్రోలీటర్ల టీఎంబీ సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ తగిలితే నీలంగా మారే ద్రావణం), చీకట్లో. పక్కనే బ్లీచింగ్ ద్రావణం ఉంచుకుని చేయొద్దు. హైపోక్లోరైట్ చుక్క పడితే ఎంజైమ్ లేకుండానే టీఎంబీ నీలంగా మారుతుంది. స్టాప్ సొల్యూషన్‌ను సబ్‌స్ట్రేట్ వేసిన వరుసలోనే, అదే వ్యవధితో వేయాలి. నీలం పసుపవుతుంది. బుడగలు పగలగొట్టి, ప్లేటు అడుగు తుడిచి, 450 నానోమీటర్ల దగ్గర, 630 రిఫరెన్స్‌తో, 30 నిమిషాల్లోపు చదవండి.

కటాఫ్ (రియాక్టివ్, నాన్‌రియాక్టివ్‌లను విడదీసే హద్దు) లెక్క: నెగెటివ్ కంట్రోళ్ల ఓడీలు (రీడర్ చూపే రంగు గాఢత అంకెలు) 0.070, 0.080, 0.090 అయితే సగటు 0.080. ఇన్‌సర్ట్‌లో ఇచ్చిన స్థిరాంకం 0.200 అనుకుంటే కటాఫ్ 0.280. శాంపిల్ ఓడీ 1.400 అయితే కటాఫ్‌తో నిష్పత్తి 5.0, అంటే రియాక్టివ్. 0.266 అయితే నిష్పత్తి 0.95. నాన్‌రియాక్టివే, కానీ కొన్ని కిట్లు ఇంత దగ్గరి వాటిని కూడా మళ్లీ చేయమంటాయి. కంట్రోళ్లు ఇన్‌సర్ట్ చెప్పిన హద్దుల్లో లేకపోతే ఆ రన్ మొత్తం చెల్లదు, కటాఫ్ లెక్కే వద్దు.

అంకెల కంటే ముందు ప్లేటంతా ఒకసారి చూడండి. ఎనిమిది సూదుల వాషర్‌లో ఒక సూది మూసుకుపోతే ఒక వరుస పొడవునా ఓడీలు పెరుగుతాయి. అంచు వెల్స్ మాత్రమే ఎక్కువైతే మూత సరిగా అంటలేదు, లేదా వేడి సమంగా అందలేదు. బలమైన పాజిటివ్ పక్కనే బలహీనమైన రియాక్టివ్ ఉంటే చుక్క చిందిందేమో అనుమానించాలి.

రియాక్టివ్ వచ్చిన శాంపిల్‌ను రెండు వెల్స్‌లో తిరిగి చేయాలి. రెండూ నాన్‌రియాక్టివ్ అయితే నెగెటివ్. ఒక్కటైనా రియాక్టివ్ అయితే వేరే కిట్లకు పంపాలి. ఇంతవరకూ రిపోర్టులో పాజిటివ్ అని రాయకూడదు. మూడు కిట్ల పద్ధతి 5వ పాఠంలో.

అభ్యాసం: నెగెటివ్ కంట్రోళ్లు 0.045, 0.060, 0.075, స్థిరాంకం 0.200. డి3 (డి వరుసలో 3వ వెల్) ఓడీ 2.600, డి4 0.310. జి వరుసలో 12 వెల్స్ కూడా 0.300–0.400 మధ్య. కటాఫ్ ఎంత? వేటిని మళ్లీ చేయాలి, అంతకు ముందు దేన్ని సరిచేయాలి?