లినక్స్ సర్వర్‌లో సిస్‌స్టాట్‌ను ఏర్పాటు చేసి, దాని నమోదు ఆగిపోకుండా చూసుకోవడం ఎలా?

అనంతపురంలో ఒక డిగ్రీ కళాశాల తన విద్యార్థుల హాజరు, ఫీజులు, ఇంటర్నల్ మార్కులు అన్నింటినీ ఒకే లినక్స్ సర్వర్‌లో ఉంచుకుందని అనుకుందాం. పరీక్ష ఫీజుకు ఆఖరి రోజున ఉదయం పదకొండు గంటలకు పేజీ తెరుచుకోవడం లేదని ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది. సర్వర్ చూసుకునే అధ్యాపకుడు తరగతులు ముగించుకొని మధ్యాహ్నం రెండింటికి ల్యాబ్‌కు వచ్చి టాప్ కమాండ్ నడిపితే అంతా మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే టాప్ చూపించేది ఆ క్షణాన్ని మాత్రమే. పదకొండు గంటలకు ప్రాసెసర్ మీద ఎంత భారం పడింది, డిస్కు దగ్గర ఎన్ని పనులు నిలిచిపోయాయి, మెమరీ చాలిందా లేదా అన్నది అప్పటికప్పుడే నమోదై ఉంటే తప్ప తరువాత తెలుసుకునే దారి లేదు. ఆ నమోదు పనిని సిస్‌స్టాట్ అనే ఓపెన్ సోర్స్ ప్యాకేజీ చేస్తుంది. దానిని ఇన్‌స్టాల్ చేయడం చాలా చిన్న పని. అది మధ్యలో ఆగిపోకుండా, మనకు కావలసిన పాత లెక్కలు చెరిగిపోకుండా చూసుకోవడమే అసలు పని కనుక ఈ వ్యాసం ఎక్కువగా దాని గురించే చెబుతుంది.

ఇక్కడ తెలుగులో రాసిన కమాండ్లను, ఫైళ్ల పేర్లను టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టాలి. లినక్స్‌లో చిన్న బడి, పెద్ద బడి అక్షరాలు వేరువేరు అర్థాలిస్తాయి కాబట్టి పెద్ద అక్షరం అవసరమైన చోట ఆ మాట విడిగా చెప్పడం జరిగింది. చెప్పని చోటల్లా చిన్న అక్షరమే, ఫైళ్లలో ముందే ఉన్న పేర్లను మాత్రం ఉన్నట్లే ఉంచాలి.

ప్యాకేజీలో ఏముంటుంది

సార్ అనే కమాండ్ ఏటీ అండ్ టీ వారి యూనిక్స్ సిస్టమ్ ఫైవ్ కాలం నుంచి ఉన్నది. లినక్స్ కోసం దానిని, దాని తోటి కమాండ్లను సెబాస్టియన్ గొడార్ సిస్‌స్టాట్ పేరుతో రాసి, జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందించారు. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తన లెక్కలను ప్రాక్, సిస్ అనే డైరెక్టరీలలో ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉంటుంది. ఎస్‌ఏడీసీ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ లెక్కలను నిర్ణీత వ్యవధికి ఒకసారి చదివి ఆ రోజు ఫైలులో చేరుస్తుంది. సార్ ఆ ఫైలును చదివి మనకు పట్టికగా చూపిస్తుంది, ఎస్‌ఏడీఎఫ్ దానినే ఇతర రూపాలలోకి మారుస్తుంది. ఐఓస్టాట్, ఎంపీస్టాట్, పీఐడీస్టాట్ మాత్రం అప్పటికప్పుడు నడుస్తున్న స్థితిని చూడడానికి పనికివస్తాయి.

ఇన్‌స్టాల్ చేసి నమోదు మొదలుపెట్టడం

డెబియన్, ఉబుంటు యంత్రాలలో రూట్ అధికారంతో "ఆప్ట్ ఇన్‌స్టాల్ సిస్‌స్టాట్" అనే కమాండ్ ఇస్తే ప్యాకేజీ వస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. డెబియన్ కుటుంబంలో ప్యాకేజీ వచ్చినంత మాత్రాన నమోదు మొదలుకాదు. ఈటీసీ డైరెక్టరీలోని డీఫాల్ట్ అనే ఉప డైరెక్టరీలో సిస్‌స్టాట్ అనే ఫైలు ఉంటుంది. దానిలో ఎనేబుల్డ్ అనే పేరు ఎదుట ఉన్న "ఫాల్స్"ను "ట్రూ"గా మార్చి, ఆ తరువాత "సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ సిస్‌స్టాట్" అని ఇవ్వాలి. నెలల తరువాత అవసరం పడి చూసినప్పుడు ఒక్క ఫైలు కూడా లేకపోవడానికి అన్నిటికంటే సామాన్యమైన కారణం ఈ ఒక్క మాట మార్చకపోవడమే.

అరగంట ఆగి, "సార్ -యు" అని ఇస్తే పది నిమిషాలకు ఒకటి చొప్పున వరుసలు కనిపించాలి. వరుసలకు బదులు ఫైలును తెరవలేకపోయినట్లు సందేశం వస్తే "సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్" ఇచ్చి, సిస్‌స్టాట్-కలెక్ట్ అనే టైమరు ఆ జాబితాలో ఉందో లేదో చూడాలి. ఫైళ్లు డెబియన్ కుటుంబంలో వార్, లాగ్, సిస్‌స్టాట్ అనే దారిలోనూ, రెడ్ హ్యాట్ కుటుంబంలో వార్, లాగ్, ఎస్‌ఏ అనే దారిలోనూ ఉంటాయి. ఎస్‌ఏ అనే రెండక్షరాల తరువాత తేదీ చేరిస్తే అదే ఫైలు పేరు. నెలలో 15వ తేదీ ఫైలు ఎస్‌ఏ15.

గడియారాన్ని కూడా మొదటి రోజే సరిచూసుకోవాలి. క్లౌడ్‌లో తీసుకున్న సర్వర్లు తరచుగా యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో ఉంటాయి, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అలా వదిలేస్తే ఉదయం పదకొండుకు వచ్చిన ఇబ్బంది సార్ పట్టికలో ఐదున్నర దగ్గర కనిపిస్తుంది, రోజు ఫైలు కూడా మనకు తెల్లవారుజామున ఐదున్నరకు మారుతుంది. "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఏషియా/కోల్‌కతా" అనే కమాండ్‌లో ఏషియా, కోల్‌కతా మాటల మొదటి అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

ఎన్ని రోజులు దాచాలి, ఎంత తరచుగా కొలవాలి

డెబియన్ తనంత తానుగా ఏడు రోజుల లెక్కలే దాచుతుంది, రెడ్ హ్యాట్ ఇరవై ఎనిమిది రోజులు. మన కళాశాలల అవసరానికి ఈ రెండూ చాలవని నా గట్టి అభిప్రాయం. ఫలితాలు వచ్చిన రోజు భారాన్ని గత సెమిస్టరు ఫలితాల రోజుతో పోల్చినప్పుడే సర్వర్‌కు మెమరీ పెంచాలా వద్దా అన్న ప్రశ్నకు అర్థవంతమైన జవాబు దొరుకుతుంది, ఆ పోలికకు కనీసం ఆరు నెలల లెక్కలు చేతిలో ఉండాలి. ఈటీసీలోని సిస్‌స్టాట్ డైరెక్టరీలో సిస్‌స్టాట్ అనే పేరుతోనే ఉన్న ఫైలును తెరిచి హిస్టరీ అనే పేరు ఎదుట 200 అని రాస్తే సరిపోతుంది. ఈ సంఖ్య 28 దాటితే ఫైలు పేరులో తేదీతో పాటు సంవత్సరం, నెల కూడా చేరతాయి, కాబట్టి ఈ నెల 15వ తేదీ ఫైలు వచ్చే నెల 15వ తేదీ ఫైలు కింద చెరిగిపోదు. కంప్రెస్ ఆఫ్టర్ అనే మరో అమరిక ఎన్ని రోజుల తరువాత ఫైలును కుదించాలో నిర్ణయిస్తుంది. కుదించిన ఫైలును సార్ నేరుగా చదవలేదు, దాని నకలును ముందు విప్పుకోవాలి. కొన్ని వారాల తరువాత "డీయూ -ఎస్‌హెచ్" కమాండ్‌తో ఆ డైరెక్టరీ ఎంత చోటు తీసుకుంటున్నదో చూసుకుంటే హిస్టరీ సంఖ్య మన డిస్కుకు తగినదో కాదో తెలుస్తుంది.

పది నిమిషాలకు ఒక కొలత అంటే రోజుకు 144 కొలతలు. నాలుగు నిమిషాలు మాత్రమే ఉండే ఇబ్బంది పది నిమిషాల సగటులో కలిసిపోయి కనిపించకుండా పోవచ్చు, అందువల్ల జనం ఎక్కువగా వాడే సర్వర్‌లో ఐదు నిమిషాలు, అవసరమైతే రెండు నిమిషాలు పెట్టడం మేలు. దీనికోసం, పనులను నిర్ణీత వేళకు నడిపే క్రాన్ ఫైలును మార్చమని పాత సూచనలు చెబుతాయి. ఇప్పటి డెబియన్, ఉబుంటులలో కొలతలను నడిపేది సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ టైమరు కాబట్టి క్రాన్‌లో ఎంత మార్చినా ఫలితం ఉండదు. "సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ సిస్‌స్టాట్-కలెక్ట్.టైమర్" అని ఇచ్చి, తెరుచుకున్న చోట చదరపు కుండలీకరణాలలో టైమర్ అనే శీర్షిక (మొదటి అక్షరం పెద్దది) రాసి, దాని కింద ఆన్‌క్యాలెండర్ అనే పేరును (ఆన్, క్యాలెండర్ మాటల మొదటి అక్షరాలు పెద్దవి) రెండు వరుసలలో రాయాలి. మొదటి వరుసలో సమాన చిహ్నం తరువాత ఏమీ ఉండకూడదు, రెండవ వరుసలో సమాన చిహ్నం తరువాత "*:00/05" ఉండాలి. ఖాళీ వరుస పాత వ్యవధిని రద్దు చేస్తుంది. దానిని వదిలేస్తే పాత వ్యవధి, కొత్త వ్యవధి రెండూ కలిసి నడుస్తాయి. ఇలా మార్చిన తరువాత ఆ టైమరును రీస్టార్ట్ చేయాలి. ప్యాకేజీతో వచ్చిన అసలు టైమరు ఫైలును ముట్టుకోకూడదు, అప్‌డేట్ వచ్చినప్పుడు అందులో మనం చేసిన మార్పు పోతుంది.

ఆ పదకొండు గంటలను చదవడం

"సార్ -యు -ఎస్ 10:30:00 -ఈ 12:00:00" అని ఇస్తే ఆ గంటన్నర ప్రాసెసర్ లెక్క వస్తుంది. నిన్నటిది కావాలంటే సార్ తరువాత -1 చేర్చాలి, మరింత పాతది కావాలంటే -ఎఫ్ తరువాత ఫైలు పేరు ఇవ్వాలి. మొదట ఖాళీగా ఉన్న శాతాన్ని చూపే ఐడిల్ అనే నిలువు వరుసను చూడాలి. ఆ సమయంలో అది 80 దగ్గర ఉండి, డిస్కు పని పూర్తికావడం కోసం ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూసిన శాతమైన ఐఓవెయిట్ కూడా తక్కువగా ఉంటే ప్రాసెసర్ మీద నేరం మోపడానికి ఏమీ లేదు. నెట్‌వర్కులోనో, డేటాబేసు తాళాలలోనో కారణం వెతకాలి. సర్వర్ క్లౌడ్‌లో ఉంటే స్టీల్ అనే వరుసను తప్పక చూడాలి, ఎందుకంటే మన వర్చువల్ యంత్రానికి రావలసిన ప్రాసెసర్ సమయం అదే భౌతిక యంత్రాన్ని పంచుకుంటున్న ఇతరులకు వెళ్లిపోయినప్పుడు అది అక్కడే కనిపిస్తుంది.

ఐఓవెయిట్ పెరిగి ఉంటే "సార్ -డి -పి" ఇచ్చి ఎవెయిట్ వరుసను చదవాలి. ఒక్కొక్క అభ్యర్థన పూర్తికావడానికి పట్టిన సగటు సమయం అక్కడ మిల్లీసెకన్లలో ఉంటుంది. తిరిగే పళ్లెం ఉన్న పాత డిస్కులలో పది, ఇరవై మామూలే కానీ వందలకు చేరితే డిస్కు ముందు వరుస కట్టి ఉన్నట్లే. యుటిల్ అనే శాతాన్ని చూసి తొందరపడి నిర్ణయానికి రాకూడదు: ఒకేసారి అనేక అభ్యర్థనలు తీసుకోగల ఎస్‌ఎస్‌డీలలో, రెయిడ్ డిస్కులలో అది 100కు చేరినా వాటి శక్తి అయిపోయిందని అర్థం కాదు. లోడ్ యావరేజ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. లినక్స్ ఆ లెక్కలో ప్రాసెసర్ కోసం ఎదురుచూసే పనులనే కాక డిస్కు కోసం కదలకుండా ఆగిన పనులను కూడా కలుపుతుంది, కాబట్టి "సార్ -క్యూ" ఇచ్చి, ఆగిన పనుల సంఖ్యను చూపే బ్లాక్డ్ అనే చివరి వరుసను దానితో కలిపి చదవాలి.

మెమరీకి "సార్ -ఆర్" ఇచ్చి కేబీఅవైల్ అనే వరుసను నమ్మాలి. కేబీఫ్రీ తక్కువగా ఉందని కంగారు పడనవసరం లేదు. వాడుకలో లేని మెమరీని లినక్స్ డిస్కు ఫైళ్ల నకళ్లకు ఉపయోగించుకొని, అడిగినప్పుడు తిరిగి ఇస్తుంది. పెద్ద అక్షరంతో "సార్ -డబ్ల్యు" ఇచ్చినప్పుడు మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటైన స్వాప్‌లోకి, స్వాప్ నుంచి రాకపోకలు వరుసగా కనిపిస్తూ ఉంటే మాత్రం మెమరీ నిజంగా చాలడం లేదని తేల్చవచ్చు.

ఏ ప్రోగ్రామ్ వల్ల ఇదంతా జరిగిందో సార్ చెప్పదు. సిస్‌స్టాట్ యంత్రం మొత్తం లెక్కనే దాచుతుంది, ప్రోగ్రామ్‌ల వారీగా దాచదు. ప్రతిరోజూ అదే సమయానికి డిస్కు బిగుసుకుంటున్నట్లు తెలిస్తే ముందు క్రాన్ పట్టికను చూడాలి, చాలాసార్లు పట్టపగలు పెట్టిన డేటాబేసు బ్యాకప్ అక్కడ దొరుకుతుంది. అప్పటికీ తేలకపోతే ఆ సమయానికి టెర్మినల్ ముందు కూర్చొని "పీఐడీస్టాట్ -డి 5" నడపాలి. ఐఓస్టాట్ నడిపితే దాని మొదటి పట్టికను వదిలేయాలి. అది యంత్రం ఆన్ అయినప్పటి నుంచి ఉన్న సగటు, ఇప్పటి స్థితి కాదు.

కరెంటు పోయిన రోజు, ఎండ ముదిరిన రోజు

మన జిల్లాలలో సర్వర్ ఆగిపోయిందంటే మొదటి అనుమానం కరెంటు మీదికే వెళుతుంది, అది న్యాయమే. కానీ ప్రతిసారీ యూపీఎస్ మీదికి తోసేస్తే అసలు కారణం దాగిపోతుంది. సార్ పట్టికలో రెండు కొలతల మధ్య ఖాళీ ఉండి, దాని చివర లినక్స్ రీస్టార్ట్ అనే వరుస ఉంటే యంత్రం మళ్లీ మొదలైందని అర్థం. ఖాళీ ఉండి ఆ వరుస లేకపోతే యంత్రం ఆన్‌లోనే ఉండి కొలత తీసుకోలేనంతగా బిగుసుకుపోయి ఉండాలి, లేదా టైమరును ఎవరో ఆపి ఉండాలి. రీస్టార్ట్ వరుస ఉన్నప్పుడు కూడా ఖాళీకి ముందున్న రెండు, మూడు కొలతలను చూడాలి. అవి ప్రశాంతంగా ఉండి ఒక్కసారిగా ఆగిపోతే కరెంటు పోయి ఉండవచ్చు; మెమరీ తరిగిపోతూ, స్వాప్, లోడ్ పెరుగుతూ వచ్చి ఆగితే యంత్రం లోపలి నుంచే కుంగిందని, ఎవరో విసిగి బటన్ నొక్కి ఉంటారని గ్రహించాలి. ఈ తేడాను చూపించగలగడం ఒక్కటే చాలు, సిస్‌స్టాట్‌ను ఇక్కడి ప్రతి సర్వర్‌లో ఉంచాలని చెప్పడానికి.

ఏప్రిల్, మే నెలలలో అనంతపురం, కర్నూలు, కడపలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. ఏసీ లేని గదిలో ఉన్న యంత్రం వేడెక్కినప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దానిని పట్టుకోవాలంటే హిస్టరీ ఉన్న ఫైలులోనే ఎస్‌ఏడీసీ ఆప్షన్స్ అనే పేరు ఎదుట, డిస్క్ అన్న మాట పక్కన కామా పెట్టి పవర్ అని పెద్ద అక్షరాలతో చేర్చాలి. మరుసటి రోజు నుంచి "సార్ -ఎం టెంప్" ఉష్ణోగ్రతను, "సార్ -ఎం సీపీయూ" ప్రాసెసర్ వేగాన్ని చూపుతాయి. ఇక్కడ టెంప్, సీపీయూ రెండూ పెద్ద అక్షరాలే. యంత్రంలో లినక్స్ చదవగలిగే సెన్సర్లు ఉంటేనే ఉష్ణోగ్రత వస్తుంది, వర్చువల్ యంత్రాలలో దానిని ఆశించకూడదు.

నెలకోసారి చూడవలసినవి

నెలలో ఒక రోజు నిర్ణయించుకొని టైమరు నడుస్తోందా, గత వారం ఫైళ్లన్నీ ఉన్నాయా, డిస్కులో చోటు ఉందా అని చూస్తే చాలు. సెలవుల తరువాత, సర్వర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసిన తరువాత ఈ పరిశీలన తప్పనిసరి. ముఖ్యమైన రోజుల లెక్కలను "ఎస్‌ఏడీఎఫ్ -జి" ద్వారా గ్రాఫుగా మార్చి ఉంచుకుంటే ప్రిన్సిపాల్‌కు గానీ, యాజమాన్యానికి గానీ పట్టికల కంటే సులభంగా అర్థమవుతుంది. గ్రాఫులో ఏ లెక్క రావాలో చెప్పే సార్ ఆప్షన్లను రెండు హైఫన్ల తరువాత రాయాలి. "ఎస్‌ఏడీఎఫ్ -డి" ఇస్తే సెమికోలన్లతో విడదీసిన వరుసలు వస్తాయి, లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకోవచ్చు. ఫైళ్ల నకలును మరో యంత్రంలో కూడా ఉంచాలి, డిస్కు పోయిన రోజున దాని గురించిన లెక్కలు దానిలోనే ఉండిపోతే ప్రయోజనం ఉండదు.

కొత్త వెర్షన్‌కు మారేటప్పుడు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త విడుదలకు మార్చినప్పుడు సిస్‌స్టాట్ ఫైళ్ల రూపం కూడా మారవచ్చు. అప్పుడు కొత్త సార్ పాత ఫైలును చెల్లనిదిగా చెప్పి తిరస్కరిస్తుంది. ఇంతకంటే పెద్ద ప్రమాదం ఆ రోజు ఫైలుకే ఉంది: మామూలుగా కొలత తీసుకునే స్క్రిప్టు ఎస్‌ఏడీసీని బలవంతపు ఆప్షన్‌తో నడుపుతుంది కాబట్టి, రూపం గుర్తుపట్టలేకపోతే అది ఆ రోజు ఫైలును ఖాళీ చేసి కొత్తగా మొదలుపెడుతుంది. అందువల్ల అప్‌గ్రేడ్‌కు ముందు టైమరును ఆపి, డైరెక్టరీ మొత్తాన్ని వేరే చోటికి నకలు చేయాలి. అప్‌గ్రేడ్ ముగిశాక ఎనేబుల్డ్, హిస్టరీ అమరికలు మనం పెట్టినట్లే ఉన్నాయో లేదో చూసి, టైమరును మళ్లీ మొదలుపెట్టాలి. పాత ఫైళ్లను "ఎస్‌ఏడీఎఫ్ -సి" కమాండ్‌తో ఒక్కొక్కటిగా కొత్త రూపంలోకి మార్చి, వచ్చినదానిని వేరే పేరుతో దాచాలి, 9.1.6 వెర్షన్, ఆ తరువాతి వెర్షన్లు రాసిన ఫైళ్లకు ఇది పనిచేస్తుంది. మార్చిన ఫైలును సార్‌తో తెరిచి, అందులోని సమయాలు, వరుసలు మొదటి నుంచి చివరి దాకా సక్రమంగా వచ్చాయని నిర్ధారించుకునే వరకు పాత ఫైలును తొలగించకూడదు.