పాత మారుతీ 800 కొని బాగుచేద్దాం అనుకుంటే

ముందు ఆర్సీ చూడండి. 15 ఏళ్లు దాటితే రెన్యువల్ చేయించాలి, అదీ 5 ఏళ్లకే ఇస్తారు, ఛాసిస్ నంబర్ (బండి బాడీ మీద కొట్టి ఉండే నంబర్) తుప్పు పట్టి చదవలేకుండా ఉంటే మాత్రం ఎంత చీప్‌గా ఇస్తానన్నా వదిలేయండి.

– మ్యాట్లు లేపి ఫ్లోర్‌ని తుప్పు తినేసిందేమో అని స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి, ఓనర్ మొహం మాడ్చుకున్నా సరే. డోర్ల కింద అయస్కాంతం అంటుకోలేదంటే అక్కడ రేకు లేదు, పుట్టీ పూసేశారు. ఇంజన్ పని విజయవాడ ఆటోనగర్‌లో ఎలాగోలా తక్కువలో అయిపోద్ది గానీ జేబు ఖాళీ చేసేది ఈ టింకరింగే (రేకు పని).

– టైర్ మీద చివరి 4 అంకెలు 2314 అంటే 2014లో 23వ వారం తయారైంది, అంత పాతదైతే గీతలు బాగున్నాయని మురిసిపోకండి.

– వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంక్ తీయించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు.

– పెయింట్ ఆఖర్న. డబ్బులు ముందు బ్రేకులకి, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) మాత్రం సెకండ్ హ్యాండ్‌ది వద్దు.